ఎండాకాలం సెలవుల్లో పని అడుగుతున్నారా? ఉత్తరం ఇట్లా రాయండి, నోటుబుక్కు ఇట్లా పెట్టుకోండి

ఇంటర్ పరీక్షలు అయిపోగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. అప్పటిదాకా మార్కులు, కాలేజీలు, ఇంట్లో ఫోను గొడవలు. ఇప్పుడు మాత్రం ఎక్కువమంది అడుగుతున్నది ఒక్కటే, ఈ రెండు నెలలు ఎక్కడైనా పని చేద్దామనుకుంటున్నాం, ఎట్లా అడగాలి అని. నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చాను. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ పరీక్షలు రాశాను. వయసు 17. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక పుస్తకాల షాపులో పని అడిగితే, లెటర్ రాసి తెమ్మన్నారు. ఎక్స్‌పీరియన్స్ ఏమీ లేదు కాబట్టి ఏం రాయాలో తోచక నెట్‌లో చూసి రాశాను: "గౌరవనీయులైన సార్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేసే అవకాశం కోసం ఎదురుచూస్తున్నాను. నేను కష్టపడే స్వభావం, అంకితభావం, నాయకత్వ లక్షణాలు ఉన్న వ్యక్తిని. ఏ పని ఇచ్చినా చేయగలను. నా నైపుణ్యాలు పెంచుకోవడానికి మీ సంస్థ చక్కని వేదిక అని నమ్ముతున్నాను." ఇది ఇవ్వొచ్చా?
– పాఠకురాలు, నయీంనగర్

జవాబు: బిడ్డా, ఇందులో తప్పులు లేవు, నువ్వు పంపిన కాగితంలో చేతిరాత కూడా ముచ్చటగా ఉంది. కానీ ఈ ఉత్తరంలో నువ్వు లేవు, ఆ షాపు కూడా లేదు. పైన పేరు మార్చి ఆసుపత్రికి ఇచ్చినా, సిమెంటు కంపెనీకి ఇచ్చినా ఒక్క అక్షరం దిద్దకుండా సరిపోతుంది. ఎక్కడైనా సరిపోయే ఉత్తరం ఎవరికీ గుర్తుండదు.

ఆ షాపాయన దీన్ని ఎప్పుడు చదువుతాడో ఊహించుకో. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉంటారు, ఒకరు చిల్లర అడుగుతుంటారు, ఇంకొకరు ఆరో తరగతి సెట్టులో హిందీ పుస్తకం తక్కువ వచ్చిందని తగాదా పెట్టుకుంటారు, ఆ మధ్యలో నీ కాగితం తీసి అర నిమిషం చూస్తాడు. ఆ అర నిమిషంలో ఆయనకు తెలియాల్సింది ఈ అమ్మాయి ఎవరు, ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్ని గంటలకు వస్తుంది, ఎప్పటిదాకా ఉంటుంది, తీరా రద్దీ మొదలయ్యాక మధ్యలో మానేస్తుందా అన్నదే. అంకితభావం, నాయకత్వం అన్న మాటలు చదివితే వీటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు. "ఏ పని ఇచ్చినా చేస్తాను" అన్నది కూడా అంతే, ఏ పని ఇవ్వాలో ఆలోచించే భారం మళ్లీ ఆయన మీదే వేసినట్టు.

ముందు ఆ షాపుకు ఈ రెండు నెలల్లో ఏం అవసరమో చూడు. మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, అంటే మే ఆఖరి వారం నుంచే తల్లిదండ్రులు చేతిలో లిస్టులు పట్టుకుని క్యూ కడతారు. లిస్టు చదివి క్లాసు వారీగా సెట్లు కట్టాలి, రూళ్ల నోటుబుక్కులు ఎన్ని, తెల్లవి ఎన్ని అని లెక్క చూసి ఇవ్వాలి, అట్టలు, లేబుళ్లు అందించాలి, బిల్లు రాయాలి. వీటిలో నీకు వచ్చినవి చెప్పు.

ఇక ఎక్స్‌పీరియన్స్ లేదన్నావు. జీతం తీసుకుని చేసిన పని లేదు, అంతే. నీ ఉత్తరం చివర మాటల్లో మాటగా ఒకటి రాశావు చూడు, అమ్మ వాళ్ల మహిళా సంఘం పొదుపు పుస్తకం రెండేళ్లుగా నువ్వే రాస్తున్నానని. నీ దగ్గరున్న అన్నిటికన్నా గట్టి మాట అది, దాన్ని లెటర్‌లో పెట్టకుండా నాకు మాత్రమే చెప్పావు! నెలనెలా పది మంది పొదుపు, అప్పు, వడ్డీ తేడా రాకుండా రాయగలిగిన పిల్లను ఏ షాపువాళ్లయినా నమ్ముతారు. మిగతా పిల్లలు కూడా ఇట్లాగే వెతుక్కోండి. మేనమామ కిరాణంలో పండగ రోజుల్లో కూర్చున్నారా, పక్కింటి పిల్లలకు ఎక్కాలు నేర్పారా, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో వంట సామాను లెక్క చూశారా, అవన్నీ పనులే. ఎన్నాళ్లు చేశారో, ఎంతమందికి చేశారో కలిపి రాయండి.

నీ లెటర్‌ను నేనైతే ఇట్లా రాస్తాను:

"పుస్తకాల షాపు యజమాని గారికి నమస్కారం. నేను ఈ మార్చిలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ పరీక్షలు రాశాను. వయసు 17. ఉండేది నయీంనగర్‌లో, మీ షాపుకి నడిచి రాగలను. మే 15 నుంచి జూన్ 20 వరకు వారానికి ఆరు రోజులు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు వస్తాను. బడులు తెరిచే ముందు మీ దగ్గర రద్దీ ఎక్కువని తెలుసు, పోయిన ఏడాది మా తమ్ముడి పుస్తకాలు మీ దగ్గరే కొన్నాం. లిస్టు చూసి సెట్లు కట్టడం, నోటుబుక్కుల లెక్క చూడటం, చేత్తో బిల్లు రాయడం చేయగలను. మా అమ్మ వాళ్ల మహిళా సంఘం పొదుపు పుస్తకం రెండేళ్లుగా నేనే రాస్తున్నాను. తెలుగు, ఇంగ్లిష్ చదవడం, రాయడం వచ్చు, హిందీ మాట్లాడతాను. కంప్యూటర్ బిల్లింగ్ రాదు, చూపిస్తే నేర్చుకుంటాను. కాలేజీ పని మీద ఒకటి రెండు రోజులు సెలవు కావాల్సి రావచ్చు, తేదీ తెలియగానే ముందే చెబుతాను. కింద ఉన్న నంబరు మా నాన్నది, సాయంత్రం ఆరు తర్వాత చేస్తే నేను మాట్లాడతాను. గురువారం పొద్దున పదకొండింటికి వచ్చి మిమ్మల్ని కలుస్తాను."

ఇందులో పెద్ద మాట ఒక్కటి కూడా లేదు. రెండు చోట్ల మాత్రం పిల్లలు భయపడతారు. ఒకటి, ఎప్పుడు మానేస్తామో చెప్పడం. చెబితే తీసుకోరేమో అని దాచిపెట్టి, జూన్‌లో కాలేజీ మొదలవగానే ఫోన్ ఎత్తరు, ఆ తర్వాత వచ్చే పిల్లలను ఆ షాపువాళ్లు గడప కూడా ఎక్కనివ్వరు. ముందే తేదీ చెబితే వాళ్లు దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకుంటారు. రెండోది, రానిది రాదని రాయడం. కంప్యూటర్ బిల్లింగ్ రాదన్న సంగతి మొదటి రోజు పది నిమిషాల్లో ఎట్లాగూ తెలిసిపోతుంది, ముందే చెబితే నువ్వు వచ్చని చెప్పిన మిగతావాటిని వాళ్లు నమ్ముతారు.

చివరి వాక్యం కూడా వదలకు. "మీ పిలుపు కోసం ఎదురుచూస్తాను" అని రాస్తే కాగితం డెస్కు మీదే ఉండిపోతుంది. నువ్వే వస్తానని రోజు చెప్పు, చెప్పిన రోజున వెళ్లు. చేత్తో రాసినా పర్వాలేదు, పుస్తకాల షాపుకైతే ఆ చేతిరాతే నీ తరఫున మాట్లాడుతుంది. ఒక పేజీ దాటనివ్వకు. వాట్సాప్‌లో పంపమంటే మాత్రం కాగితాన్ని ఫోటో తీసి పంపొద్దు, మంచం మీద పెట్టి తీసిన వంకర ఫోటోను ఎవరూ పెద్దది చేసుకుని చదవరు, అదే విషయం ఐదారు లైన్లలో టైప్ చేసి పంపు.

ప్రశ్న: మేడమ్, నాకు 18. కరీంనగర్‌లో చాలా చోట్ల అడిగి వచ్చాను, కొన్ని చోట్ల లెటర్ ఇచ్చాను, కొన్ని చోట్ల నోటితో చెప్పాను, రెండు ఆన్‌లైన్‌లో పెట్టాను. మొన్న ఒకాయన ఫోన్ చేసి "ఆదివారం కూడా వస్తానన్నావు కదా, రేపు రా" అన్నాడు. ఏ షాపో గుర్తురాలేదు, ఆదివారం వస్తానని ఎప్పుడన్నానో కూడా గుర్తులేదు. అడగడానికి మొహమాటపడి సరే సరే అని పెట్టేశాను. ఎక్కడికి వెళ్లాలో తెలియక వెళ్లలేదు. ఫోన్ మోగితే చాలు టెన్షన్ వస్తోంది.
– పాఠకుడు, మంకమ్మతోట

జవాబు: ముందు ఆ నంబరుకు ఇవాళే ఫోన్ చెయ్. "సార్, మొన్న మీరు చేశారు, షాపు పేరు సరిగ్గా వినబడలేదు, రాలేకపోయాను, ఏ షాపో చెబితే ఇప్పుడే వస్తాను" అని నేరుగా అడుగు. ఇందులో నామోషీ ఏం లేదు. మళ్లీ ఎప్పుడైనా అట్లా జరిగితే ఆ ఫోన్‌లోనే అడిగెయ్, సరే అని వెళ్లకపోవడమే వాళ్లకు కోపం తెప్పిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీకు జ్ఞాపకశక్తి తక్కువేం కాదు. పది చోట్ల పది రకాలుగా చెప్పినవి ఎవరికీ గుర్తుండవు. చిన్న నోటుబుక్కు ఒకటి కొను, జేబులో పట్టేది. ఫోన్‌లో నోట్స్ రాసుకుంటానంటే అదీ మంచిదే, కానీ ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంది, ఇంట్లోవాళ్లు తీసుకుంటారు, కాబట్టి నా ఓటు కాగితానికే. ఒక్కో షాపుకు ఒక్కో పేజీ. షాపు నుంచి బయటికి రాగానే, బండి తీసేలోపే, అక్కడే నిలబడి రాయి. రాత్రి రాద్దాంలే అనుకుంటే సగం పోతుంది.

పేజీ ఎట్లా ఉండాలంటే:

"ఏప్రిల్ 22. టవర్ సర్కిల్ దగ్గర మొబైల్ షాపు, మెట్లెక్కి పైన. మాట్లాడింది ఓనర్ వాళ్ల తమ్ముడు, ఓనర్ లేడు. నేను చెప్పింది: మే 1 నుంచి వస్తా, పది నుంచి ఆరు, ఆదివారం కుదరదు. వాళ్లన్నది: ఆదివారమే గిరాకీ, వస్తే చూద్దాం. జీతం మాట రాలేదు. ఇచ్చినవి: లెటర్, ఒక ఫోటో, ఆధార్ జిరాక్స్. మళ్లీ: శనివారం పన్నెండు లోపు వెళ్లి ఓనర్‌ను కలవాలి."

అందరూ వాళ్లేమన్నారో రాసుకుంటారు, నేనేమన్నాను అన్నది మాత్రం రాసుకోరు. నీకు ఇబ్బంది వచ్చింది సరిగ్గా అక్కడే. ఒక చోట ఆదివారం వస్తానని, ఇంకో చోట రానని, ఒక చోట జూన్ దాకా ఉంటానని, ఇంకో చోట డిగ్రీలో చేరినా సాయంత్రాలు వస్తానని చెప్పి ఉంటావు. పని కావాలన్న ఆత్రంలో మాట నోటి నుంచి వచ్చేస్తుంది. అది రాసి పెట్టుకుంటే రెండోసారి వెళ్లినప్పుడు అదే మాట మీద నిలబడగలవు. రాసే అలవాటు ఉందంటే, అసలు చెప్పేటప్పుడే ఆలోచించి చెబుతావు.

"మళ్లీ" అన్న చివరి మాట ఖాళీగా వదలొద్దు. ఫోన్ చేస్తాం అని వాళ్లంటే, "సరే సార్, ఫోన్ రాకపోతే నేనే బుధవారం ఒకసారి కనబడతాను" అని చెప్పి ఆ బుధవారం రాసుకో. వెళ్లే టైము కూడా చూసుకోవాలి. టిఫిన్ సెంటర్‌కు పొద్దున ఎనిమిదింటికి, భోజనం హోటల్‌కు ఒంటిగంటకు, బట్టల షాపుకు సాయంత్రం ఏడింటికి పోయి పని గురించి అడిగితే తిట్టడం తప్ప ఏం చేస్తారు? పొద్దున పదకొండు ప్రాంతం చాలా షాపులకు కాస్త తీరికగా ఉంటుంది.

ఫోన్‌లో నంబర్లు సేవ్ చేసేటప్పుడు మనిషి పేరుతో కాకుండా షాపు, ఏరియా కలిపి పెట్టుకో, "గీతాభవన్ జిరాక్స్", "కోర్టు చౌరస్తా సూపర్ మార్కెట్" అని. రింగ్ కాగానే ఎవరో తెలిసిపోతుంది, నీ టెన్షన్ సగం అక్కడే పోతుంది. ఇంట్లోవాళ్ల నంబరు ఇచ్చి ఉంటే, ఫలానా చోట్ల నుంచి ఫోన్ రావచ్చని అమ్మకు చెప్పి ఉంచు. లేకపోతే "రాంగ్ నంబర్" అని పెట్టేస్తారు.

కాగితాల గురించి కూడా ఒక మాట. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో లెటర్ కాపీలు, టెన్త్ మెమో జిరాక్స్, ఫోటోలు పెట్టుకో. ఆధార్ ఎవరైనా అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ కార్డులిచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, అది ఇవ్వు. జిరాక్స్ మీద అడ్డంగా "ఫలానా షాపులో పని కోసం మాత్రమే" అని తేదీతో రాసి సంతకం పెట్టు. ఒరిజినల్ మెమో మాత్రం ఎవరు అడిగినా ఇవ్వొద్దు. చూపించు, చేతిలోకి తిరిగి తీసుకో. నెల మధ్యలో మానేస్తానంటే మెమో తిరిగి ఇచ్చేది లేదని బెదిరించే చోట్లు ఉన్నాయి, అడ్మిషన్ల టైములో అది లేకుండా ఏం చేస్తావు?

రెండు చోట్ల సరే అన్నారంటే, ఒకటి ఎంచుకుని రెండోవాళ్లకు అదే రోజు చెప్పు. "సార్, నాకు వేరే చోట కుదిరింది, మీరు రమ్మన్నందుకు థాంక్స్" అంటే చాలు. మిగతా పేజీలన్నీ ఒకసారి తిరగేసి, ఎవరికి వస్తానని చెప్పి ఉన్నావో వాళ్లందరికీ ఫోన్ చెయ్. డిగ్రీ మూడేళ్లూ నువ్వు ఆ ఊళ్లోనే ఉంటావు, ఆ షాపుల ముందు నుంచే తిరుగుతావు.

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. సూపర్ మార్కెట్లు, మాల్స్ లేవు. రోజూ వరంగల్ వచ్చిపోతే బస్సు ఖర్చులకే సరిపోతుంది. ఇంటర్ అయిపోయింది, ఇక్కడే ఏం పని దొరుకుతుంది? వాళ్లకు కూడా లెటర్ రాయాలా?
– పాఠకుడు

జవాబు: పల్లెలో పని లేదని ఎవరన్నారు, ఏప్రిల్, మే అంటే యాసంగి వడ్లు కల్లాల్లోకి వచ్చే కాలం. కొనుగోలు కేంద్రాలు తెరుస్తారు, కొన్నిటిని మహిళా సంఘాలు నడుపుతాయి, కొన్నిటిని సహకార సంఘాలు. అక్కడ బస్తాలు మోసేవాళ్లే కాదు, రాసేవాళ్లు కూడా కావాలి. ఏ రైతు ఎప్పుడు వచ్చాడు, తేమ ఎంత చూపించింది (17 శాతం దాటితే మళ్లీ ఆరబోయాల్సిందే), ఎన్ని గోనె సంచులు ఇచ్చారు, ఎన్ని తూకం అయ్యాయి అని తప్పు లేకుండా రాయగలిగితే కేంద్రం నడిపేవాళ్లకు పెద్ద భారం తగ్గుతుంది, ఎందుకంటే అక్కడి గొడవల్లో చాలా భాగం వరుస తప్పిందనీ, లెక్క తేలలేదనీ వచ్చేవే. మీ ఊరి మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏను అడుగు. ఎండ సంగతి నీకు తెలిసిందే, పొద్దున పూట రాసే పని ఏమైనా ఉందా అని అడుగు. 18 నిండకపోతే బస్తాల జోలికి పోకు.

మే చివర నుంచి విత్తనాలు, ఎరువుల షాపుల్లో రద్దీ మొదలవుతుంది. అక్కడ కూడా బిల్లు రాసేవాళ్లు కావాలి. పురుగుమందు డబ్బాలు ముట్టుకునే పని మాత్రం వద్దు.

పెళ్లిళ్ల పని కూడా ఉంటుంది, పూల డెకరేషన్, ఫోటో స్టూడియో, క్యాటరింగ్. వీటిని అడిగే ముందు క్యాలెండర్ తిరగేసి ముహూర్తాలు చూడు. 2024లో మే, జూన్ నెలల్లో మూఢం వచ్చి పెళ్లిళ్లే లేకుండా పోయాయి, ఆ రెండు నెలలు ఫంక్షన్ హాళ్లు బోసిపోయాయి. మూఢంలో వాళ్లను పని అడిగితే ఉన్నవాళ్లకే పని లేదంటారు, అది నిజమే.

లెటర్ అన్నావు. తెలిసినవాళ్ల దగ్గర పెద్ద లెటర్ అక్కర్లేదు. కానీ చిన్న చీటీ ఒకటి రాసి ఇవ్వు, పేరు, ఫోన్ నంబరు, ఏ రోజుల్లో ఎన్ని గంటలు వస్తావు, ఏం రాయగలవు అని నాలుగు లైన్లు. "మన ఫలానా వాళ్ల అబ్బాయి" అన్న గుర్తింపు నీకు ఎట్లాగూ ఉంది, ఆ చీటీ ఉంటే అవసరం పడిన రోజు నీ నంబరు కోసం వెతుక్కోరు.

ప్రశ్న: మా బాబుకు పదహారు నిండాయి, టెన్త్ రాశాడు. స్నేహితుడి అన్న అకౌంటు మీద బైక్ వేసుకుని డెలివరీలు చేస్తానంటున్నాడు. అందరూ చేస్తున్నారట. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకానట. పంపించొచ్చా? పని చేస్తానన్న పిల్లాణ్ని ఆపడం కూడా మంచిది కాదేమో.
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, పని చేయనివ్వండి, ఈ పని మాత్రం వద్దు. గేరు బండికి లైసెన్సు 18 నిండితేనే ఇస్తారు. పదహారేళ్లకు ఇచ్చేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి మాత్రమే. మైనర్ బండి నడిపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి ఓనర్‌కు, తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, బాబుకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. వేరేవాళ్ల అకౌంటు మీద తిరిగేటప్పుడు యాక్సిడెంట్ అయితే కంపెనీ కూడా బాధ్యత తీసుకోదు. రాత్రి పూట ఆ రోడ్ల మీద పదహారేళ్ల పిల్లాడిని తలుచుకుంటేనే నాకు భయమేస్తోంది.

టైము విషయంలో కూడా చట్టం ఉంది. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను, బడి లేని వేళల్లో ఇంటి వ్యాపారంలో సాయం చేయడం లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నుంచి 18 మధ్యవాళ్లను గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. మన వైపు కాబట్టి చెబుతున్నాను, గ్రానైట్ క్వారీలో రోజు కూలీ ఎక్కువ వస్తుందని ఆశపడొద్దు. మిగతా చోట్ల కూడా విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు, మూడు గంటలకు ఒకసారి గంట విశ్రాంతి ఇవ్వాలి, వారానికో రోజు సెలవు, ఓవర్ టైమ్ లేదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని చేయించకూడదు. పైన నయీంనగర్ అమ్మాయి లెటర్‌లో పది నుంచి నాలుగు అని రాసింది అందుకే.

బాబును జిరాక్స్, డీటీపీ సెంటర్లలో అడగమనండి, అడ్మిషన్ల కాలం కాబట్టి అక్కడ తీరిక ఉండదు. తెలుగు టైపింగ్ నేర్చుకుంటే ఆ పని ఎప్పటికైనా పనికొస్తుంది. మొదటిసారి మీరు వెంట వెళ్లి షాపు చూసి రండి, మాట్లాడేది మాత్రం వాడినే మాట్లాడనివ్వండి. ఎక్కడైనా పిల్లలతో ఇబ్బందిపెట్టే పని చేయిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయొచ్చు.

ప్రశ్న: నాది తెలుగు మీడియం. హనుమకొండలో పెద్ద షోరూములో అడగాలంటే లెటర్ ఇంగ్లిష్‌లోనే ఉండాలా? ఫ్రెండ్స్ ఏఐతో రాయించుకుంటున్నారు.
– పాఠకురాలు, జనగామ

జవాబు: చదివేది ఎవరో చూసుకుని రాయమ్మా. ఓనర్ కౌంటర్‌లో కూర్చునే షాపుకు తెలుగులో రాయి, హాయిగా చదువుకుంటాడు. హెచ్‌ఆర్ అని వేరే మనిషి ఉండే చోటికైతే ఇంగ్లిష్‌లో రాయడం మంచిది, చిన్న చిన్న వాక్యాల్లో, నువ్వు నోటితో చెప్పగలిగేంత ఇంగ్లిష్ చాలు. ఎందుకంటే లెటర్ చదివాక నీతో అదే భాషలో రెండు మాటలు మాట్లాడతారు. ఏఐతో తప్పులు దిద్దించుకో, అందులో ఏం తప్పు లేదు. మొత్తం రాయిస్తే మాత్రం నీదీ నీ ఫ్రెండ్‌దీ ఒకటే లెటర్ అవుతుంది, ఇద్దరూ ఒకే షోరూముకు ఇస్తారు, వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ముందు నీ మాటల్లో తెలుగులో రాసుకో, ఎప్పుడు వస్తావు, ఎన్నాళ్లుంటావు, ఏం వచ్చు అని. తర్వాత ఆ మాటలనే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకో. నీకు అర్థం తెలియని మాట ఒక్కటి కూడా ఉంచుకోకు.

ప్రశ్న: ఇంట్లోనే డేటా ఎంట్రీ, నెలకు 18 వేలు, ముందు 1,500 రిజిస్ట్రేషన్ కట్టాలన్నారు. కట్టనా?
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: కట్టొద్దు. పని ఇచ్చేవాడు నీకు డబ్బు ఇస్తాడు, నీ దగ్గర తీసుకోడు. "నీ బ్యాంకు అకౌంటు మాకు వాడుకోవడానికి ఇవ్వు, కమీషన్ ఇస్తాం" అన్నా అంతే, ఆ డబ్బు ఎవరిని మోసం చేసి తెచ్చిందో నీకు తెలియదు, పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది అకౌంటు ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

ప్రశ్న: జీతం ఎంత కావాలో లెటర్‌లో రాయాలా? రాయకపోతే తక్కువ ఇస్తారేమో?
– పాఠకురాలు, నర్సంపేట

జవాబు: లెటర్‌లో వద్దు, పని మొదలుపెట్టే ముందు నోటితో అడుగు. అడగకుండా మాత్రం చేరొద్దు, "చూసి ఇస్తాంలే" అన్నచోట నెలాఖరుకు మాట తేడా వస్తుంది. నెలకా, రోజు లెక్కనా? ఏ తేదీన ఇస్తారు? నెల మధ్యలో మానేస్తే చేసిన రోజులకు ఇస్తారా? మధ్యాహ్నం తిండి వాళ్లదా, నీదా? బిల్లులో తేడా వస్తే జీతంలో పట్టుకుంటారా? ఇవి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, మర్యాదగా అడిగితే చాలు. ఆ షాపులో ఇదివరకు పనిచేసిన పిల్లలు ఎవరైనా తెలిస్తే ముందే కనుక్కో, ఎంత ఇస్తారో, టైముకు ఇస్తారో లేదో వాళ్లకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. షాపువాళ్లు ఏం చెప్పారో కరీంనగర్ అబ్బాయికి చెప్పినట్టే నీ నోటుబుక్కులో అదే రోజు రాసుకో, వీలైతే "సార్, మీరు చెప్పినట్టు రోజుకు ఇంత, ప్రతి శనివారం, రేపు పదింటికి వస్తాను" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు. వాళ్లు సరే అని జవాబిచ్చినా, కనీసం చూసినా, మాట రికార్డులో ఉంటుంది.

జీతం నీ అకౌంటులోనే వేయమను. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ అకౌంటు తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు చెప్పింది, షరతులు ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటాయి. ఆధార్, ఫోటోలు తీసుకుని అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లు. పని వెతకడం మొదలుపెట్టిన వారంలోనే ఇది పూర్తి చేసుకో, ఎందుకంటే అకౌంటు తెరిచి, ఏటీఎం కార్డు చేతికి వచ్చేసరికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు జీతం వేరేవాళ్ల అకౌంటులో వేయించుకునే అవసరం నీకు రాకూడదు.